చెప్పులు ఒకచోట, మనం ఇంకోచోట: ఒడ్డు దగ్గర నీటిని నడిపించేది ఏది?

జూన్, జులై నెలల్లో విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో రుషికొండ దగ్గరో సాగర్‌నగర్ దగ్గరో ఆగి నీళ్లలో దిగినవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం ఎదురయ్యే ఉంటుంది. చెప్పులు ఇసుకలో వదిలేసి, ఓ పది నిమిషాలు అలలతో ఆడుకుని వెనక్కి వస్తే చెప్పులు కనబడవు. ఎవరో ఎత్తుకుపోయారని వెతుక్కుంటాం. తీరా చూస్తే అవి ఎక్కడ వదిలామో అక్కడే ఉంటాయి, మనమే భీమిలి వైపు వంద అడుగులు జరిగిపోయి ఉంటాం. పక్కకి నడిచిన గుర్తే ఉండదు. అల వచ్చినప్పుడల్లా కాళ్లు కాస్త తేలతాయి, మళ్లీ నేలకి ఆనతాయి, ఆ తేలిన క్షణంలో నీరు మనల్ని జానెడో మూరెడో పక్కకి జరిపేస్తుంది. నిమిషానికి ఏడెనిమిది అలలు వస్తాయి. పది నిమిషాలకి ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఎవరు జరిపారు? గాలి అనుకుంటాం, పోటు అనుకుంటాం. ఆ రెండింటికీ కొంత వాటా ఉంటుంది కానీ, అలలు విరిగిపడే ఆ తెల్లటి పట్టీలో అసలు పని చేసేది అలే. అది ఎటు నుంచి వస్తుంది, ఎంత ఎత్తున వస్తుంది, ఎక్కడ విరుగుతుంది అన్నదాన్ని బట్టి అక్కడి నీరు ఒక దిక్కుకి నడక మొదలుపెడుతుంది. ఈ నడకే నదులు తెచ్చి పోసిన ఇసుకని తీరం వెంబడి మోసుకుపోతుంది, ఒకచోట బీచ్‌ని పెంచి ఇంకోచోట రోడ్డుని కోసేస్తుంది, సరదాగా దిగిన పిల్లల్ని లోపలికి లాగేస్తుంది. దీన్ని కంప్యూటర్లో లెక్కగట్టే మోడళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ తప్పుతాయో చెప్పాలని ఈ వ్యాసం. నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను: ఈ మోడళ్లకి నీటి సంగతి బాగానే తెలుసు. నీటి కింద ఇసుక ఇవాళ ఏ ఆకారంలో ఉందో తెలియకే చిక్కంతా.

మొదట ఒక అపోహ తీసేయాలి. అల అంటే నీరు మన వైపు పరిగెత్తుకు రావడం అనుకుంటాం. ఒడ్డుకి దూరంగా, అలలు ఇంకా విరగని చోట పడవ పక్కన ఒక కొబ్బరికాయ వేసి చూడండి. పైకి లేస్తుంది, కిందకి దిగుతుంది, కొంచెం ముందుకి పోయి దాదాపు అంతే వెనక్కి వస్తుంది. వంద అలలు దాన్ని దాటి పోయినా అది ఇంచుమించు అక్కడక్కడే ఉంటుంది. అంటే అల మోసుకొచ్చేది నీటిని కాదు, శక్తిని, దాంతోపాటు ఊపుని. పుస్తకాల్లో ద్రవ్యవేగం అంటారు, నేను ఊపు అనే అంటాను, ఎందుకంటే ఆ మాట వినగానే విషయం సగం అర్థమవుతుంది.

అల లోతు తక్కువ చోటికి వచ్చి విరిగిపడినప్పుడు దాని శక్తి నురగగా, హోరుగా, చివరికి వేడిగా మారిపోతుంది. ఊపు సంగతి అలా కాదు. అది వేడిగా మారదు, మాయం కాదు, దాన్ని ఎవరో ఒకరు అందుకోవాల్సిందే. అక్కడ అందుకోవడానికి ఉన్నది నీరు, దాని కింద నేల, అంతే. విరిగిన అల తన ఊపుని నీటికి ఇచ్చేస్తుంది, నీరు కదులుతుంది లేదా ఒకచోట ఎత్తుగా పోగవుతుంది. ఒడ్డు దగ్గర ప్రవాహాల శాస్త్రం అంతా ఈ ఒక్క ముక్క మీద నిలబడి ఉంది.

ఈ మాట సూటిగా లెక్కల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డున దించే పడవలకి అలలు, పక్క ప్రవాహాలు పెద్ద సమస్య కావడంతో ఈ విషయం మీద శ్రద్ధ పెరిగింది. 1949లో పట్నమ్, మంక్, ట్రేలర్ అనే ముగ్గురు తీరం వెంట ప్రవాహాన్ని ముందే అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు. అసలు మలుపు 1960ల్లో వచ్చింది. బ్రిటన్‌కి చెందిన మైకేల్ లాంగెట్-హిగ్గిన్స్, కెనడాకి చెందిన రాబర్ట్ స్టీవర్ట్ కలిసి రాసిన పత్రాల్లో అల తనతో ఎంత ఊపుని మోసుకొస్తుందో తేల్చి, దానికి రేడియేషన్ స్ట్రెస్ అని పేరు పెట్టారు. పేరు భయపెడుతుంది గానీ భావం సులువు. అల ఎత్తు రెట్టింపైతే అది మోసే ఊపు నాలుగు రెట్లవుతుంది. విరుగుతూ విరుగుతూ అల చిన్నదవుతుంటే అది మోస్తున్న ఊపు తగ్గుతూ వస్తుంది, ఆ తగ్గినదంతా అక్కడి నీటి మీద తోపుడుగా పడుతుంది.

ఈ తోపుడుకి రెండు దిక్కులు. ఒకటి నేరుగా ఒడ్డు వైపు, రెండోది ఒడ్డు వెంబడి.

ఒడ్డు వైపు తోసిన నీరు ఎక్కడికి పోతుంది? ముందు ఇసుక అడ్డం. అందుకని ఒడ్డు దగ్గర నీటిమట్టం కాస్త పైకి లేస్తుంది. ఒక మీటరు ఎత్తు అల విరుగుతున్న మామూలు బీచ్‌లో లెక్క వేస్తే ఒడ్డు అంచున ఈ పెరుగుదల దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది, అంటే జానెడు. కంటికి కనపడదు, ఎందుకంటే అలలు పైకీ కిందకీ కదులుతూ దాన్ని దాచేస్తాయి. కానీ ఈ జానెడు ఎత్తు సంగతి గుర్తుపెట్టుకోండి, మనుషుల ప్రాణాలు తీసే ప్రవాహం దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ దీనితోనే పని. ఇంకొక విషయం, విరిగే అలలు పై పొరలో నీటిని ఒడ్డుకి తెస్తుంటాయి, ఆ నీరు కింది పొరలో వెనక్కి జారుతుంది. బీచ్‌లో నిలబడితే పాదాల కింద ఇసుక లోపలికి జారుతున్నట్టు అనిపించడంలో దీనికీ వాటా ఉంది. లోతు మొత్తానికి సగటు తీసుకునే మోడల్‌లో ఈ రెండూ ఒకదానికొకటి చెల్లిపోయి సున్నా అయి కూర్చుంటాయి. అందుకే నీటి కింద ఉండే ఇసుక గట్టు లోపలికి జరుగుతుందా ఒడ్డుకి జరుగుతుందా అని తెలుసుకోవాలంటే పై పొర, కింది పొర విడివిడిగా చూసే మూడు కొలతల మోడల్, లేదంటే ఈ వెనక్కి జారే నీటిని విడిగా లెక్కలో కలిపే ఏర్పాటు కావాలి.

ఇప్పుడు ఒడ్డు వెంబడి తోపుడు. అల ఒడ్డుకి సమాంతరంగా కాకుండా కాస్త ఏటవాలుగా వస్తే దాని ఊపులో కొంత భాగం పక్కకి ఉంటుంది. పక్కన అడ్డం ఏమీ లేదు, తీరం అలా పోతూనే ఉంటుంది, కాబట్టి నీరు పోగవ్వకుండా నడక మొదలుపెడుతుంది. నేల రాపిడి దాన్ని ఆపే వరకు వేగం పెరుగుతుంది, తోపుడు, రాపిడి సరిసమానమైన చోట స్థిరపడుతుంది. 1970లో లాంగెట్-హిగ్గిన్స్ ఈ సమానతనే సమీకరణంగా రాశాడు. అదే సంవత్సరం కోమర్, ఇన్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు బీచ్‌ల్లో తీసిన కొలతలు ప్రచురించారు, వాటి ఆధారంగా వచ్చిన చిన్న సూత్రాన్ని ఇప్పటికీ వాడతారు. దాని ప్రకారం ఒక మీటరు అల 10 డిగ్రీల వాలుగా విరిగితే పక్క ప్రవాహం సెకనుకు దాదాపు 60 సెంటీమీటర్లు. మనం మామూలుగా నడిచే వేగంలో సగం. కాళ్లు ఆనకుండా తేలుతున్న మనిషిని పది నిమిషాల్లో 350 మీటర్లకి పైగా తీసుకుపోతుంది.

అదే సూత్రంలో 10 డిగ్రీల బదులు 5 డిగ్రీలు పెట్టండి. వేగం సగానికి పడిపోతుంది. ఐదు డిగ్రీలు అంటే ఎంత? బీచ్ రోడ్డు మీద నిలబడి చూస్తే మామూలు కంటికి తేడా తెలియదు. సముద్రంలో అలల్ని కొలిచే తేలుబోయాలకి కూడా దిక్కులో కొన్ని డిగ్రీల పొరపాటు మామూలే. ఎత్తు పది శాతం తప్పు కొలిస్తే ప్రవాహం ఐదు శాతం తప్పుతుంది, దిక్కు ఐదు డిగ్రీలు తప్పు కొలిస్తే మాత్రం సగం లెక్క పోతుంది. ఎవరైనా మోడల్ ఫలితం చూపిస్తే నేను ముందు అడిగేది అల దిక్కు ఎక్కడి నుంచి తీసుకున్నారనే.

మన తీరంలో ఈ పక్క నడక ఋతువుని బట్టి తిరగబడుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం వైపు నుంచి వచ్చే అలలు ఇసుకని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల కాలంలో అది తిరగబడి దక్షిణానికి నడుస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. దీనికి సాక్ష్యం చూడాలంటే చెన్నై వెళ్లాలి. 19వ శతాబ్దం చివర్లో అక్కడ హార్బర్ గోడలు కట్టాక, ఉత్తరానికి పోతున్న ఇసుక దక్షిణం పక్కన ఆగిపోయి మెరీనా బీచ్ వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊరిని తినడం మొదలుపెట్టింది. విశాఖ నౌకాశ్రయం 1933లో తెరుచుకుంది. దాని ముఖద్వారం ఇసుకతో పూడిపోకుండా ఆ రోజుల్లో రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడారు. ఈనాటికీ అక్కడ పోగైన ఇసుకని డ్రెడ్జర్లతో తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తూనే ఉన్నారు. సముద్రం ఉచితంగా చేసే పనిని గోడ కట్టి ఆపాక, ఆ పనిని మనమే డబ్బు పెట్టి చేయాల్సి వస్తోంది.

ఇక మోడల్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఏ మోడల్ అయినా రెండు పద్దులు రాస్తుంది. ఒకటి అలల పద్దు: సముద్రం నుంచి ఎంత అల వచ్చింది, లోతు తగ్గేకొద్దీ ఎటు వంగింది, ఎక్కడ ఎంత విరిగింది. రెండోది నీటి పద్దు: ఆ విరిగిన అల ఇచ్చిన తోపుడుతో నీరు ఎటు నడిచింది, ఎక్కడ మట్టం పెరిగింది. సముద్రాన్ని గడులుగా విడగొట్టి, ప్రతి గడిలోకి వచ్చింది ఎంత, పోయింది ఎంత అని లెక్క రాసుకుంటూ పోతుంది. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న చోటుని రెండు మీటర్ల గడులుగా చేస్తే రెండున్నర లక్షల గడులు, ప్రతి గడికి సెకనులో కొంత భాగానికోసారి లెక్క.

ఈ పద్దు రాయడంలో రెండు ఆచారాలు ఉన్నాయి. కిరాణా కొట్లో కొందరు ప్రతి అమ్మకం రాసుకుంటారు, కొందరు సాయంత్రం గల్లాపెట్టె లెక్కపెట్టి రోజు మొత్తం ఒక్క అంకె రాస్తారు. స్వాన్ లాంటి మోడళ్లు రెండో రకం, ఒక్కొక్క అలని పట్టించుకోవు, ఈ గంటలో ఏ దిక్కు నుంచి ఎంత శక్తి వచ్చిందో చూస్తాయి. డెల్ఫ్ట్‌3డి లాంటి ప్రవాహ మోడల్‌తో జతకట్టి వారాలు, నెలల లెక్క తేల్చడానికి ఇవి సరిపోతాయి. ఫన్‌వేవ్, స్వాష్ లాంటివి మొదటి రకం, ప్రతి అలనీ శిఖరం నుంచి పల్లం వరకు లెక్కలోకి తీసుకుంటాయి, అందుకే చాలా కంప్యూటర్ సమయం తింటాయి. మధ్యలో ఎక్స్‌బీచ్ ఉంది, 2009లో దాని మీద ముఖ్యమైన పత్రం వచ్చింది. ఎక్కువమంది వాడే దాని పద్ధతిలో ఒక్కో అలని వదిలేసి అలల గుంపులని పట్టుకుంటుంది. సముద్రంలో కాసేపు చిన్న అలలు, ఆ తర్వాత నాలుగైదు పెద్ద అలలు వరసగా రావడం మీరు చూసే ఉంటారు. ఆ గుంపుల లయే ఒడ్డు దగ్గర నీటిని నిమిషానికోసారో, రెండు నిమిషాలకోసారో ఉబ్బిస్తూ తగ్గిస్తూ ఉంటుంది. తుఫాను సమయంలో దిబ్బలు కోసుకుపోవడంలో ఈ లయదే పెద్ద చేయి.

సిద్ధాంతం సరైనదే అయినా లెక్క ఎలా తప్పొచ్చో చెప్పే ఒక ఉదంతం ఉంది, నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ఇష్టమైనది. అమెరికా తూర్పు తీరాన నార్త్ కరోలినాలో డక్ అనే చిన్న ఊరు. అక్కడ అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగానికి 1977 నుంచి ఒక పరిశోధన కేంద్రం ఉంది, సముద్రంలోకి అర కిలోమీటరుకి పైగా చొచ్చుకుపోయే వారధితో సహా. వాళ్ల దగ్గర క్రాబ్ అని ఒక వింత బండి ఉంది. మూడు చక్రాల మీద పది మీటర్లకి పైగా ఎత్తున నిలబడిన లోహపు ముక్కాలి పీట అనుకోండి, పైన డ్రైవరు కూర్చుంటాడు, చక్రాలు సముద్రపు నేల మీద నడుస్తాయి, అలలు దాని కాళ్ల మధ్య నుంచి విరిగి పోతుంటాయి. అది నడిచిన చోటల్లా నేల ఎత్తు కొలుచుకుంటూ పోతుంది.

1990 అక్టోబరులో అక్కడ డెలైలా అనే పెద్ద ప్రయోగం జరిగింది. ఆ బీచ్‌లో ఒడ్డుకి కొంత దూరంలో నీటి కింద ఒక ఇసుక గట్టు, గట్టుకీ ఒడ్డుకీ మధ్య ఒక పల్లం. అప్పటి మోడళ్లు ఏం చెప్పాయంటే, అలలు గట్టు మీద విరుగుతాయి కాబట్టి పక్క ప్రవాహం గట్టు మీద ఎక్కువ, పల్లంలో లోతు పెరిగి అలలు విరగడం మానేస్తాయి కాబట్టి అక్కడ తక్కువ, మళ్లీ ఒడ్డు అంచున అలలు విరిగే చోట ఎక్కువ. ఎవరు విన్నా న్యాయంగానే ఉంది అంటారు. పరికరాలు చూపించింది వేరు. ప్రవాహం అన్నిటికన్నా జోరుగా ఉన్నది ఆ పల్లంలోనే, అలలు విరగని చోటే.

దీని మీద ఏళ్ల తరబడి చర్చ జరిగింది. సమాధానంలో ఒక పెద్ద ముక్క డెన్మార్క్‌కి చెందిన ఇబ్ స్వెండ్‌సెన్ 1984లోనే చెప్పిన ఆలోచనలో ఉంది. విరిగిన అల ముఖం మీద దొర్లుతూ వచ్చే తెల్లటి నురగ ముద్దని చూశారు కదా, దాన్ని రోలర్ అంటారు. అల ఎక్కడ విరిగిందో అక్కడే తన ఊపంతా నీటికి ఇచ్చేయదు, ముందు ఈ రోలర్‌కి ఇస్తుంది, రోలర్ దాన్ని మోసుకుంటూ ఒడ్డు వైపు కొంత దూరం వెళ్లి అప్పుడు దించుతుంది. బస్సుకి బ్రేకు వేసిన చోటు వేరు, బస్సు ఆగే చోటు వేరు. అలాగే అల విరిగే చోటు గట్టు, ఊపు దిగే చోటు పల్లం. దీన్ని లెక్కలో కలిపాక ప్రవాహపు శిఖరం ఒడ్డు వైపు జరిగింది. అది ఒక్కటే సరిపోలేదు, గట్టు అన్నిచోట్లా ఒకే ఎత్తులో లేకపోవడం వల్ల తీరం వెంబడి నీటిమట్టంలో వచ్చే చిన్న చిన్న తేడాలు కూడా పల్లంలో నీటిని తోస్తున్నాయని తేలింది. దానికి తోడు ఆ ప్రవాహం తిన్నగా పోదు, పాములా మెలికలు తిరుగుతుంది. అదే డక్‌లో 1986లో తీసిన కొలతల్లో ఈ మెలికల్ని గుర్తించారు, అవి వేగాన్ని గట్టు మీద నుంచి పల్లంలోకీ పల్లం నుంచి గట్టు మీదకీ కలిపేస్తుంటాయి. ఏ ఒక్క కారణమో పట్టుకుని రాపిడి అంకెని అటూ ఇటూ తిప్పి కొలతలతో సరిపెట్టడం సులువు. అలా సరిపెట్టిన మోడల్ ఆ రోజుకి సరిగ్గా ఉంటుంది, మరుసటి వారం తప్పుతుంది. రాపిడి అంకె మోడల్‌లో అన్ని తప్పుల్నీ దాచుకునే చోటుగా మారడం నేను చాలాసార్లు చూశాను, అది చూసినప్పుడల్లా మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ జానెడు ఎత్తు దగ్గరికి వద్దాం.

గట్టు తీరం పొడవునా తెగకుండా ఉంటే గొడవ లేదు. మధ్యలో ఒకచోట తెగి కాలువలా లోతుగా ఉంటే? గట్టు మీద అలలు గట్టిగా విరుగుతాయి, దాని వెనక నీటిమట్టం లేస్తుంది. కాలువ ఉన్న చోట లోతు ఎక్కువ కాబట్టి అలలు అంతగా విరగవు, అక్కడ మట్టం అంత లేవదు. పక్కపక్కనే ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. నీరు రెండు పక్కల నుంచీ ఒడ్డు వెంబడి కాలువ దగ్గరికి నడిచి, అక్కడ కలిసి, సముద్రంలోకి తిరిగిపోతుంది. అదే రిప్ కరెంట్. రాపిడి లేదనుకుంటే ఐదు సెంటీమీటర్ల మట్టం తేడా చాలు, సెకనుకు ఒక మీటరు వేగం వచ్చేస్తుంది. రాపిడి దాన్ని తగ్గిస్తుంది, మామూలు రోజుల్లో సెకనుకు 30 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది, సముద్రం రేగినప్పుడు రెండు మీటర్లు దాటొచ్చు, అది ఒలింపిక్ ఈతగాడు ఈదే వేగం.

నన్ను భయపెట్టేది దాని వేగం కన్నా అది కనపడే తీరు. కాలువ మీద అలలు విరగవు కాబట్టి అక్కడ తెల్లటి నురగ ఉండదు. రెండు పక్కలా హోరుమని అలలు, మధ్యలో కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా ఉన్న సందు. ఇక్కడ అలలు తక్కువగా ఉన్నాయి, పిల్లలకి బాగుంటుంది అనుకుని తండ్రి పాపని ఎత్తుకుని సరిగ్గా అక్కడే దిగుతాడు. అన్ని బీచ్‌ల్లోనూ ఆ సందు అందరినీ పిలుస్తున్నట్టే ఉంటుంది. చదువురాని తప్పు కాదు ఇది, కన్ను చేసే మోసం. ఆ కాసేపు చిన్న అలలు ఉన్న సమయంలో దిగితే ఏమీ తెలియదు కూడా. ఆ తర్వాత పెద్ద అలల గుంపు వస్తుంది, గట్టు వెనక నీరు ఉబ్బుతుంది, ఒక్కసారిగా కాలువలో ప్రవాహం పుంజుకుంటుంది. గంటకి ఒక సగటు అంకె చెప్పే మోడల్ ఈ పుంజుకోవడాన్ని చూడలేదు, అలల గుంపులని పట్టుకునేది చూడగలదు.

ఈ ప్రవాహాలకి విశాఖతో పాత చుట్టరికం ఒకటి ఉంది. రిప్ కరెంట్లని పద్ధతిగా కొలిచి రాసిన మొదటి పెద్ద పత్రం 1941లో కాలిఫోర్నియా నుంచి వచ్చింది, రాసింది ఫ్రాన్సిస్ షెపర్డ్, కెన్నెత్ ఎమరీ, యూజీన్ లాఫాండ్. అందులో మూడో ఆయన లాఫాండ్ 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి వాల్తేరులో సముద్రశాస్త్రం నేర్పారు. ఇక్కడి సహచరుడు ప్రసాదరావుతో కలిసి వాల్తేరు బీచ్‌లో ఇసుక ఋతువుని బట్టి ఎలా పోతుందో, ఎలా తిరిగొస్తుందో గమనించి ఆయన రాసినది 1954లో అచ్చయింది. రిప్ కరెంట్ గురించి ప్రపంచానికి చెప్పిన ముగ్గురిలో ఒకరు మన బీచ్ ఇసుక మీద నడుస్తూ పాఠం చెప్పారన్న సంగతి విశాఖలో చాలామందికి తెలియదు.

రిప్‌లో చిక్కుకుంటే సముద్రంలోకి ఎక్కడిదాకానో తీసుకుపోతుందని చాలాకాలం అనుకున్నారు. 2010లో మాక్‌మహాన్, మరికొందరు ప్రచురించిన పరిశోధనలో జీపీఎస్ కట్టిన తేలుడు పరికరాల్ని కాలిఫోర్నియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ బీచ్‌ల్లో రిప్‌లలో వదిలారు. వాటిలో 80 నుంచి 90 శాతం లోపలికి కొట్టుకుపోలేదు. కాలువ గుండా బయటికి పోయి, పక్కకి తిరిగి, గట్టు మీదుగా మళ్లీ ఒడ్డు వైపు వచ్చి, సుడిలా తిరుగుతూ ఉండిపోయాయి. మోడళ్లు కూడా ఈ సుడుల్నే చూపిస్తాయి. అలాగని తేలితే చాలు, సముద్రమే తెచ్చి ఒడ్డున పడేస్తుంది అని ఎవరికీ చెప్పలేం, మిగిలిన ఆ పది ఇరవై శాతం బయటికే పోయాయి. బీచ్‌ని బట్టి, రోజుని బట్టి ఈ వాటా మారుతుంది. అన్నిచోట్లా వర్తించేది ఒకటే: ప్రవాహానికి ఎదురీది అలిసిపోకుండా తేలుతూ ఉండటం, చెయ్యెత్తి పిలవడం, వీలైతే పక్కన తెల్లటి నురగ ఉన్న వైపుకి కదలడం. నురగ ఉందంటే అక్కడ గట్టు ఉంది, లోతు తక్కువ, నీరు ఒడ్డు వైపు పోతోంది.

మరి మోడల్ నడిపి, రేపు ఉదయం ఆర్కే బీచ్‌లో రిప్ ఎక్కడ వస్తుందో చెప్పొచ్చు కదా? సమీకరణాలు ఉన్నాయి, కంప్యూటర్లు ఉన్నాయి, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల అంచనాలు, ఎగసిపడే అలల హెచ్చరికలు ఇస్తూనే ఉంది. లేనిది గట్టు ఇవాళ ఎలా ఉందో చెప్పే పటం. నేను నేర్చుకునే రోజుల్లో ఒక బీచ్ మీద ఎక్స్‌బీచ్ నడిపాను, లోతుల పటం ఐదు నెలల కిందటిది. తెర మీద రిప్ చాలా అందంగా వచ్చింది, బాణం గుర్తులన్నీ ఒక కాలువలోకి చేరి బయటికి పోతున్నాయి. మర్నాడు అక్కడికి వెళ్లి నిలబడితే ఆ చోట నురగ, అలలు హాయిగా విరుగుతున్నాయి. ముదురు రంగు సందు ఉత్తరాన ఇంకో నూట యాభై అడుగుల అవతల ఉంది. మోడల్ తప్పు చేయలేదు, ఐదు నెలల కిందటి బీచ్‌కి అది సరైన సమాధానమే ఇచ్చింది. ఒక పెద్ద అలల రోజు చాలు గట్టు జరగడానికి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ లాంటిది వచ్చి వెళ్లాక పాత పటానికి విలువే ఉండదు.

డక్‌లో క్రాబ్ ఉంది కాబట్టి వాళ్లకి తాజా పటం దొరికింది. మిగతా లోకానికి ఒక దారి చూపింది ఓరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబ్ హోల్మన్ బృందం. 1980ల నుంచి బీచ్ మీదకి కెమెరాలు పెట్టి, పది నిమిషాల చిత్రాల్ని కలిపి ఒకటే సగటు చిత్రం చేశారు. విడి అలలు చెరిగిపోయి, ఎక్కువగా విరిగే చోట్లు తెల్లటి పట్టీలుగా, కాలువలు నల్లటి సందులుగా బయటపడతాయి. అంటే నీటి కింద గట్టు ఆకారం నురగ రూపంలో పైన గీసి ఉంటుంది. ఆ తర్వాత ఇంకో అడుగు వేసి, వీడియోలో అల శిఖరం ఎంత వేగంగా కదులుతుందో చూసి లోతు కట్టే పద్ధతి 2013లో ప్రచురించారు. లోతు తక్కువ నీళ్లలో అల వేగం లోతు మీదే ఆధారపడుతుంది: ఒక మీటరు లోతులో సెకనుకు దాదాపు 3.1 మీటర్లు, రెండు మీటర్లలో 4.4. ఇలా రోజూ కొత్త పటం వస్తే మోడల్‌కి కళ్లు వచ్చినట్టే.

అమెరికా వాతావరణ సంస్థ నోవా 2021లో దేశవ్యాప్తంగా రిప్ అంచనా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఇంత కష్టమైన దారిలో వెళ్లలేదు. వాళ్లు ప్రవాహ సమీకరణాల జోలికి పోకుండా, ప్రమాదకరమైన రిప్ వచ్చే అవకాశం ఎంత శాతం అన్నది గంటగంటకీ, ఆరు రోజుల ముందు వరకు చెబుతారు. దాని వెనక ఉన్నది డ్యూసెక్, సీమ్ 2013లో ప్రచురించిన పద్ధతి. అలల ఎత్తు, దిక్కు, పోటు మట్టం తీసుకుంటుంది, వాటితోపాటు పెద్ద అలలు వచ్చి ఎంత కాలమైందో కూడా చూస్తుంది. ఆ చివరిది నాకు చాలా నచ్చింది. గట్టు ఎలా ఉందో తెలియదు కాబట్టి, గట్టులో కాలువలు పడే అవకాశం ఎప్పుడు ఎక్కువో దాన్ని బట్టి ఊహిస్తున్నారు. మరి ఆ శాతాలు ఎలా తేల్చారు? నార్త్ కరోలినాలోనే కిల్ డెవిల్ హిల్స్ అనే చోట లైఫ్‌గార్డులు రోజూ రాసిన గమనికల నుంచి.

ఇలాంటిది మన బీచ్‌లకి తయారుచేయడానికి సూపర్ కంప్యూటర్ కన్నా ముందు కావాల్సింది అలాంటి గమనికల పుస్తకమే. తేదీ, గంట, ఏ విగ్రహానికి లేదా ఏ మెట్లకి ఎదురుగా నురగ లేని సందు ఉంది, అది ఎన్ని అడుగుల వెడల్పు, అలలు ఎటు నుంచి వస్తున్నాయి, ఇవాళ ఎవరినైనా నీళ్లలోంచి లాగారా, లాగితే ఎక్కడ. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండు మూడు ఏళ్ల పుస్తకాలు పోగైతే ఇన్‌కాయిస్ అలల అంచనాల పక్కన పెట్టి లెక్క మొదలుపెట్టొచ్చు.